సర్వర్‌లో పెట్టిన కార్డు ఓఎస్‌కి కనిపించకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరుసలో వెతకాలి

కార్డు బిగించారు. సర్వర్ ఆన్ అయింది, ఓఎస్ కూడా వచ్చింది. కానీ కార్డు ఎక్కడా లేదు.

ఈ విషయం మీద నన్ను అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే డ్రైవర్‌ని మూడుసార్లు ఎక్కించి ఉంటారు. కొందరైతే ఓఎస్‌నే మళ్లీ వేసి ఉంటారు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో పాత నెట్‌వర్క్ కార్డో, డిస్కులను కలిపి నడిపే రెయిడ్ కార్డో కొని ఆఫీసు సర్వర్‌లో పెట్టుకునేవాళ్లకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అక్కడ కార్డుతో పాటు కాగితాలు రావు, ఏ సర్వర్ నుంచి తీసిన కార్డో కూడా తెలియదు.

ఓఎస్‌కి చేరేలోపు కార్డు నాలుగు మెట్లు ఎక్కాలి. ముందు దానికి కరెంటు అందాలి. తర్వాత బయోస్, అంటే ఓఎస్ కంటే ముందు నడిచే బోర్డు ప్రోగ్రామ్, దాన్ని గుర్తించాలి. తర్వాత కెర్నల్‌కి, అంటే ఓఎస్ మూలభాగానికి, పీసీఐ బస్ (కార్డులను ప్రాసెసర్‌తో కలిపే దారి) మీద కనిపించాలి. చివరగా డ్రైవర్ దాన్ని పట్టుకోవాలి. మొదటి మెట్టు మీదే ఆగిపోయిన కార్డుకి నాలుగో మెట్టు దగ్గర ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. అందుకే ఏ మెట్టు మీద ఆగిందో ముందు తేల్చుకోండి.

## 1. మూత తీసే ముందు

ఈ పని తొందరలో చేయకండి. ఆఫీసు అయిపోయాక, కనీసం రెండు గంటలు సర్వర్ ఆగినా పర్లేదు అనుకున్న సమయం చూసుకోండి. ఆ సర్వర్ మీద బిల్లింగో అకౌంట్సో నడుస్తుంటే వాళ్లకు ముందే చెప్పండి.

- బ్యాకప్ తీశారా? తీసిన బ్యాకప్‌లోంచి ఒక్క ఫైలైనా వెనక్కి తెచ్చి చూశారా?
- సర్వర్ మోడల్, అందులో ఎన్ని ప్రాసెసర్లు ఉన్నాయి, బయోస్ వెర్షన్ ఎంత అన్నవి రాసుకున్నారా?
- కార్డు మీది స్టిక్కర్లన్నీ, రెండు వైపులా, ఫోన్‌తో ఫొటో తీశారా?
- సర్వర్‌ని దూరం నుంచి చూసుకునే ఐడ్రాక్ (డెల్) లేదా ఐలో (హెచ్‌పీ) పాస్‌వర్డ్ చేతిలో ఉందా? ఒకసారి లాగిన్ అయి చూశారా?
- మానిటర్, కీబోర్డు నేరుగా పెట్టుకునే వీలుందా?

చివరి రెండూ ఎందుకంటే, కొత్త కార్డు పెట్టాక పాత నెట్‌వర్క్ పోర్టు పేరు మారిపోయి సర్వర్ నెట్‌వర్క్‌లోంచి మాయమయ్యే అవకాశం ఉంది. దాని సంగతి ఆరో భాగంలో చెబుతాను. ఇంటి నుంచి రిమోట్‌లో చూసుకుందాంలే అనుకుంటే ఆ రాత్రి మళ్లీ ఆఫీసుకి బయలుదేరాల్సి వస్తుంది.

లినక్స్ అయితే ఇంకో పని కూడా చేయండి. కార్డు పెట్టకముందే, బస్ మీది పరికరాలను చూపే ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) కమాండ్ నడిపి, వచ్చిన జాబితాను ఒక ఫైల్‌లో దాచుకోండి. ఇక్కడ తెలుగులో రాసిన కమాండ్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. కార్డు పెట్టాక మళ్లీ అదే కమాండ్ నడిపి రెండు జాబితాలనూ పోల్చితే కొత్తగా చేరిన లైన్ వెంటనే దొరుకుతుంది.

## 2. బస్ మీద ఉందా, లేదా?

లినక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కి ఎన్ఎన్ ఆప్షన్ కలిపి (lspci -nn) నడపండి. ప్రతి పరికరానికీ దాని పేరు, పక్కనే ఒక నంబర్ల జత వస్తాయి. జతలో మొదటిది తయారీదారుది, రెండోది ఆ చిప్‌ది. 8086 అని మొదలైతే ఇంటెల్. 1000 అని మొదలైతే ఒకప్పటి ఎల్‌ఎస్‌ఐ, ఇప్పటి బ్రాడ్‌కామ్.

పేరు చూసి మోసపోవద్దు. కార్డు మీద ఒక కంపెనీ ముద్ర ఉంటుంది, జాబితాలో లోపలి చిప్ పేరు వస్తుంది. డెల్ పెర్క్ హెచ్310 కార్డు అక్కడ మెగారెయిడ్ సాస్ 2008 అని కనిపిస్తుంది. డెల్ అనే మాట కోసం వెతికి, లేదు కాబట్టి కార్డు పాడైందని వెనక్కి ఇచ్చేసినవాళ్లు ఉన్నారు. నంబర్ల జతను చూడండి, బయటి ముద్ర ఏదైనా అది లోపలి చిప్‌నే చెబుతుంది.

విండోస్ సర్వర్‌లో అయితే డివైస్ మేనేజర్ తెరవండి. కార్డు పేరుతోనో, పసుపు గుర్తుతోనో, తెలియని పరికరం అనో ఏదైనా కొత్తగా కనిపిస్తే కార్డు బస్ మీద ఉన్నట్టే. ఏమీ లేకపోతే లేనట్టే.

ఐడ్రాక్, ఐలోల్లోని హార్డ్‌వేర్ జాబితాను కూడా చూడండి. డెల్‌లో ఈ జాబితా సర్వర్ రీస్టార్ట్ అయ్యేటప్పుడు సేకరించిన సమాచారం. అందుకే కార్డు పెట్టాక ఒకసారి పూర్తిగా బూట్ అయ్యేదాకా ఆగి, ఆ తర్వాత చూడండి.

బస్ మీద లేకపోతే 3, 4 భాగాలు చదవండి, డ్రైవర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. బస్ మీద ఉంటే నేరుగా 5వ భాగానికి వెళ్లండి, మూత ఇప్పుడే తీయాల్సిన పని లేదు.

## 3. బస్ మీద లేదు: కార్డు, స్లాట్, రైజర్

సర్వర్‌ని షట్‌డౌన్ చేసి, రెండు పవర్ సప్లైల తీగలూ పీకేయండి. తీగ ఉన్నంతసేపూ మదర్‌బోర్డుకి స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది. తీశాక పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డు మీద లైట్లన్నీ ఆరిపోయాయో లేదో చూసి, అప్పుడు చెయ్యి పెట్టండి.

మన దగ్గర ఎండాకాలంలో ఏసీ సర్వర్ గదిలో గాలి బాగా పొడిగా ఉంటుంది, స్టాటిక్ తేలిగ్గా పుడుతుంది. యాంటీస్టాటిక్ పట్టీని మణికట్టుకి కట్టుకోండి. అది లేకపోతే పెయింట్ లేని ఛాసిస్ ఇనుమును తాకి పని మొదలుపెట్టండి, మధ్యమధ్యలో మళ్లీ తాకుతూ ఉండండి. కార్డును అంచులతో పట్టుకోండి.

కార్డు నిజంగా కూర్చుందా?

అన్నిటికంటే ఎక్కువసార్లు తప్పు దొరికేది ఇక్కడే. కార్డును స్లాట్‌లో పెట్టి, బ్రాకెట్ స్క్రూ బిగించకముందు టార్చి వేసి పక్కనుంచి చూడండి. స్లాట్ పైఅంచుకీ కార్డు అడుగుకీ మధ్య ఖాళీ ఈ చివర నుంచి ఆ చివర దాకా సమానంగా ఉండాలి. ఇప్పుడు స్క్రూ బిగించి మళ్లీ చూడండి. బ్రాకెట్ వంకరగా ఉన్నా, ఆ కార్డుది కాని బ్రాకెట్ తగిలించినా, స్క్రూ బిగుస్తున్నకొద్దీ కార్డు రెండో చివర పైకి లేస్తుంది. గోరు మందం లేచినా చాలు, కొన్ని కాంటాక్టులు తగలవు.

పాత కార్డులు కొన్నప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. పొడుగు బ్రాకెట్ తీసి పొట్టి బ్రాకెట్ వేసిచ్చేటప్పుడు చేతికి దొరికినది తగిలిస్తారు. అనుమానం ఉంటే బ్రాకెట్ పూర్తిగా తీసేసి, కార్డును ఒట్టిగా పెట్టి ఒకసారి బూట్ చేయండి. అప్పుడు కనిపించిందంటే దోషం బ్రాకెట్‌దే.

రైజర్‌ని మర్చిపోవద్దు. ఒక యూ, రెండు యూ సర్వర్లలో (ర్యాక్‌లో పెట్టే పలచని సర్వర్లలో) కార్డు రైజర్ అనే చిన్న బోర్డులో కూర్చుంటుంది, రైజర్ మదర్‌బోర్డులో కూర్చుంటుంది. కార్డును నాలుగుసార్లు తీసి పెట్టి, రైజర్‌ని ఒక్కసారీ ముట్టుకోనివాళ్లను చూశాను. రైజర్‌ని పైకి లాగి, దాని కాంటాక్టులు కూడా చూసి, గొళ్లెం పడే చప్పుడు వినిపించేదాకా నొక్కండి.

కాంటాక్టులు శుభ్రం చేయడం

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన, పీచు రాలని గుడ్డతో కాంటాక్టుల మీద పైనుంచి కిందికి ఒకే దిశలో తుడవండి. పూర్తిగా ఆరనివ్వండి. పెన్సిల్ రబ్బరు వాడొద్దు. అది బంగారు పూతను అరగదీస్తుంది, దాని పొడి స్లాట్‌లో చేరుతుంది. స్లాట్‌లోకి నోటితో ఊదొద్దు, తేమ పడుతుంది. బ్లోయర్ వాడండి.

ఆ స్లాట్ ఏ ప్రాసెసర్‌ది?

దీని మీద నేను స్వయంగా రెండు రోజులు పోగొట్టుకున్నాను. కూకట్‌పల్లిలో ఒక చిన్న ఆఫీసు. రెండు సాకెట్ల సర్వర్, కొనేటప్పుడు ఖర్చు తగ్గుతుందని ఒకటే ప్రాసెసర్ తీసుకున్నారు. 10 గిగాబిట్ కార్డు పెట్టాలి. మొదటి రైజర్‌లో వేరే కార్డు ఉంది కాబట్టి రెండో రైజర్‌లో పెట్టాను. కనిపించలేదు. డ్రైవర్ మార్చాను, బయోస్ అప్‌డేట్ చేశాను, మర్నాడు ఇంకో కార్డు తెచ్చి పెట్టాను. అదీ కనిపించలేదు. ఆ సాయంత్రం విసుగొచ్చి మూత పక్కన పెట్టబోతుంటే దాని లోపలివైపు అంటించిన బొమ్మ కంటపడింది. రెండో రైజర్ స్లాట్ల పక్కన రెండో ప్రాసెసర్ అని రాసి ఉంది. ఆ సాకెట్ ఖాళీ. ఆ స్లాట్లకు ప్రాణమే లేదు.

సర్వర్ స్లాట్లకు పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు, అంటే డేటా నడిచే దారులు, చాలావరకు నేరుగా ప్రాసెసర్ నుంచే వస్తాయి. రెండు సాకెట్ల సర్వర్లలో స్లాట్లను రెండు ప్రాసెసర్లూ పంచుకుంటాయి. ఒకటే ఉంటే రెండో దాని కింది స్లాట్లు పనిచేయవు, వాటిలో ఏం పెట్టినా అంతే. కాబట్టి స్లాట్ ఎంచుకునే ముందు మూత లోపలి బొమ్మ గానీ ఆ మోడల్ మాన్యువల్ గానీ చూడండి. రెండు ప్రాసెసర్లూ ఉండి, రెండో దాని స్లాట్లు ఉన్నట్టుండి మాయమైతే, ఆ సాకెట్‌లో వంగిన పిన్ను కూడా కారణం కావచ్చు.

పొడుగు చూసి నమ్మొద్దు

చూడటానికి ఎక్స్16 (16 లేన్ల) స్లాట్ అయినా, లోపల ఎక్స్8 లేదా ఎక్స్4 లేన్లే ఉండొచ్చు. మామూలు కార్డుకి దీనివల్ల వేగం తగ్గుతుందే తప్ప కార్డు మాయమవదు. రెండు, నాలుగు ఎన్‌వీఎంఈలు (వేగమైన ఎస్‌ఎస్‌డీలు) పట్టే ఎం.2 కార్డుల విషయంలో మాత్రం ఇది ముఖ్యం. దాని గురించి తర్వాతి భాగంలో చెబుతాను.

ప్రతి కార్డూ మామూలు స్లాట్‌కి సరిపోదన్నది కూడా గుర్తుంచుకోండి. బ్రాండ్ సర్వర్లలో రెయిడ్ మినీ కార్డుకీ, నెట్‌వర్క్ డాటర్ కార్డుకీ ప్రత్యేకమైన కనెక్టర్లు ఉంటాయి. కొనేముందు ఆకారం చూసుకోండి.

పవర్ తీగ

స్లాట్ నుంచి ఒక కార్డుకి దొరికేది గరిష్ఠంగా 75 వాట్లు. అంతకంటే ఎక్కువ కావాల్సిన జీపీయూలకు విడిగా తీగ పెట్టాలి. అది పెట్టకపోతే చాలా కార్డులు బస్ మీదకే రావు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా చదవండి. మామూలు గ్రాఫిక్స్ కార్డు 8 పిన్ తీగ వేరు, ప్రాసెసర్‌కి పెట్టే 8 పిన్ తీగ వేరు. చూడటానికి దగ్గరగా ఉంటాయి కానీ 12 వోల్టులు, గ్రౌండు ఉండే వైపులు తారుమారు. టెస్లా కే80, పీ40 లాంటి సర్వర్ జీపీయూలు రెండో రకం అడుగుతాయి. బలవంతంగా తోస్తే కార్డు గానీ బోర్డు గానీ కాలిపోతుంది. ఆ సర్వర్ మోడల్‌కీ ఆ కార్డుకీ కలిపి చెప్పిన తీగనే వాడండి.

ఒక బ్రాండ్ సర్వర్ కార్డు, వేరే బోర్డు

డెల్ సర్వర్‌లోంచి తీసిన హెచ్200, హెచ్310 లాంటి రెయిడ్ కార్డులను అసెంబుల్డ్ బోర్డులో పెడితే కొన్నిసార్లు కార్డు కనిపించదు, కొన్నిసార్లు సిస్టమే బూట్ అవదు. కార్డు ఎస్ఎంబస్ (బోర్డు నిర్వహణకు వాడే చిన్న బస్) సిగ్నల్స్ బోర్డు వాటితో పడకపోవడం దీనికి తెలిసిన కారణం. బీ5, బీ6 కాంటాక్టుల (చిప్‌లు ఉన్న వైపు, బ్రాకెట్ చివర నుంచి ఐదోది, ఆరోది) మీద మాత్రమే, వేడికి ఆగే కాప్టన్ టేప్ సన్నని ముక్క అంటిస్తే చాలామందికి సరిపోతుంది. పక్క కాంటాక్టును కప్పకూడదు. మామూలు సెల్లో టేప్ వద్దు, వేడికి జిగురు కారుతుంది.

## 4. బస్ మీద లేదు: బయోస్

ఏదైనా మార్చే ముందు బయోస్ పేజీలన్నీ ఒక్కొక్కటిగా ఫొటో తీసుకోండి. ఒకసారికి ఒకటే మార్చండి, బూట్ చేసి చూడండి, రాసుకోండి. నాలుగు ఒకేసారి మార్చి కార్డు వచ్చినా, ఏది పనిచేసిందో తెలియదు.

- స్లాట్ డిజేబుల్: వాడని స్లాట్లను ఎవరో ఎప్పుడో ఆపేసి ఉండొచ్చు. మొదట ఇదే చూడండి.
- బైఫర్కేషన్: నాలుగు ఎన్‌వీఎంఈలు పట్టే చవక కార్డు మీద స్విచ్ చిప్ ఉండదు. స్లాట్‌ని బయోస్‌లో నాలుగు ఎక్స్4 ముక్కలుగా విడగొడితేనే నాలుగూ కనిపిస్తాయి. నాలుగింటిలో ఒకటే కనిపిస్తోందంటే దాదాపుగా ఇదే కారణం.
- అబౌవ్ 4జీ డీకోడింగ్ (4 జీబీకి పైనున్న అడ్రస్‌లను కార్డులకు ఇచ్చే సెట్టింగ్): మెమరీ ఎక్కువున్న జీపీయూలకు ఇది ఆన్‌లో ఉండాలి. బోర్డును బట్టి పేరు కొంచెం మారుతుంది.
- లింక్ స్పీడ్: ఆటోలో రాని కార్డు, స్లాట్‌ని జెన్ 3కి గానీ జెన్ 2కి గానీ (పీసీఐ పాత తరం వేగాలకు) దించితే కొన్నిసార్లు వస్తుంది. జెన్ 4 కార్డుని పాత రైజర్‌లోనో పొడవాటి కేబుల్ మీదో పెట్టినప్పుడు ఇది ప్రయత్నించండి. దించితే వచ్చిందంటే రైజర్ మీద అనుమానపడండి.
- ఆప్షన్ రామ్ (కార్డు మీదే ఉండే చిన్న బూట్ ప్రోగ్రామ్): ఇది ఆఫ్‌లో ఉంటే బూట్ సమయంలో రెయిడ్ కార్డు మెనూ రాదు. అయినా ఓఎస్‌కి కార్డు కనిపించవచ్చు. మెనూ రాలేదని కార్డు పాడైందనుకోకండి.

వీటితో తేలకపోతే బయోస్ అప్‌డేట్ చేయండి. మే నెల సాయంత్రాల్లో గాలివాన మొదలయ్యే వేళ మాత్రం ఆ పని పెట్టుకోకండి. యూపీఎస్ బ్యాటరీ నిండుగా ఉందని చూసుకుని, పొద్దున పూట చేయండి.

## 5. బస్ మీద ఉంది, డ్రైవర్ పట్టుకోలేదు

ఎల్‌ఎస్‌పీసీఐకి కే ఆప్షన్ కలిపి నడపండి. కార్డు కింద, వాడుకలో ఉన్న డ్రైవర్ ఏదో చెప్పే లైన్ ఉండాలి. అది లేకపోతే, కెర్నల్ మెసేజ్‌లు ఉండే డీమెసేజ్ (dmesg) లాగ్‌లో ఆ కార్డు బస్ నంబర్‌తో వెతకండి. లాగ్‌ని నిదానంగా చదవండి, జవాబు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

డ్రైవర్‌ని ఓఎస్సే వదిలేసింది. పాత ఓఎస్‌లో పనిచేసిన కార్డు కొత్తదాంట్లో రాదు. రెడ్ హ్యాట్ 8లో సాస్ 2008 చిప్ కార్డులకు సపోర్టు తీసేశారు. నంబర్ల జత 1000:0072 అయితే మీది అదే. ఈఎల్ రెపో అనే బయటి ప్యాకేజీల సైట్‌లో దీనికోసం విడిగా కేమాడ్ (కెర్నల్ డ్రైవర్) ప్యాకేజీ దొరుకుతుంది. వీఎంవేర్ వారి ఈఎస్ఎక్స్ఐ 7లోనూ పాత లినక్స్ తరహా డ్రైవర్లన్నీ పోయాయి. అక్కడ కార్డు కొనకముందే కంపాటిబిలిటీ జాబితాలో ఆ నంబర్ల జతతో వెతకండి.

ఎస్ఎఫ్‌పీ మాడ్యూల్ (కేబుల్ కోసం నెట్‌వర్క్ పోర్టులో దూర్చే ముక్క). ఇంటెల్ ఎక్స్520 కార్డులో వేరే కంపెనీ ఎస్ఎఫ్‌పీ మాడ్యూల్ పెడితే డ్రైవర్ ఎక్కడానికే నిరాకరిస్తుంది. పోర్టు అసలు పుట్టదు, కార్డే లేదనిపిస్తుంది. మాడ్యూల్ పీకేసి రీబూట్ చేయండి. పోర్టు వచ్చిందంటే కార్డు బాగానే ఉంది. ఇంటెల్ ఒప్పుకునే మాడ్యూల్ తెచ్చుకోండి, లేదా డ్రైవర్‌లో సపోర్టు లేని మాడ్యూళ్లను అనుమతించే ఆప్షన్‌ని 1 చేయండి.

సెక్యూర్ బూట్. బయటి నుంచి తెచ్చి కంపైల్ చేసిన డ్రైవర్‌కి సంతకం లేకపోతే కెర్నల్ దాన్ని తిరస్కరిస్తుంది. కీ తిరస్కరించినట్టు మెసేజ్ వస్తుంది. సొంత కీని చేర్చుకోవడం సరైన దారి. సెక్యూర్ బూట్‌ని ఆపడం పరీక్ష వరకే.

చోటు చాల్లేదు. డీమెసేజ్‌లో బార్ (కార్డుకి కేటాయించే అడ్రస్ చోటు) అనే మాటతో పాటు స్పేస్ లేదని వస్తే, అబౌవ్ 4జీ మళ్లీ చూడండి. అది ఆన్‌లోనే ఉంటే కెర్నల్ లైన్‌కి పీసీఐ ఈక్వల్స్ రీఅలాక్ (pci=realloc) చేర్చి బూట్ చేయండి.

వీఎఫ్ఐఓ పట్టుకుంది. ఎవరో ఒకప్పుడు కార్డును వీఎంకి (వర్చువల్ మెషీన్‌కి) అప్పగించి ఉంటే, హోస్ట్‌లో అసలు డ్రైవర్‌కి బదులు వీఎఫ్ఐఓ కనిపిస్తుంది. ఆ కేటాయింపు తీసేయండి.

విండోస్ అయితే డివైస్ మేనేజర్‌లో పరికరం మీద డబుల్ క్లిక్ చేసి కోడ్ చూడండి.

- 28: డ్రైవర్ ఎక్కించలేదు.
- 12: కార్డుకి చాలినన్ని రిసోర్సులు దొరకలేదు. బయోస్ వైపు వెళ్లండి.
- 52: డ్రైవర్ సంతకం సరిపోలేదు.
- 10, 43: కార్డు మొదలవలేదు, లేదా సమస్య ఉందని తానే చెప్పింది. ముందు డ్రైవర్, ఫర్మ్‌వేర్ చూడండి, తర్వాత పవర్, కూలింగ్.

## 6. డ్రైవర్ ఉంది, అయినా పని జరగడం లేదు

కొత్త కార్డు పెట్టగానే ఉన్న నెట్‌వర్క్ పోయిందా? బస్ నంబర్లు జరిగితే, వాటి ఆధారంగా పెట్టిన పోర్టు పేర్లు కూడా మారతాయి. నిన్న ఈఎన్‌పీ3ఎస్0 అయినది ఇవాళ ఈఎన్‌పీ4ఎస్0 కావచ్చు. పాత పేరు మీద రాసిన ఐపీ సెట్టింగ్ ఎవరికీ అంటదు. కన్సోల్ నుంచి లాగిన్ అయి, సెట్టింగ్‌ని మ్యాక్ అడ్రస్‌కి ముడిపెట్టండి.

రెయిడ్ కార్డు కనిపిస్తోంది, డిస్కులు కనిపించడం లేదా? రెయిడ్ మోడ్‌లో ఉన్న కార్డు, వర్చువల్ డిస్క్ తయారుచేసేదాకా ఓఎస్‌కి ఏమీ చూపించకపోవచ్చు. పాత డేటా ఉన్న డిస్కులు పెట్టినప్పుడు ఫారిన్ కాన్ఫిగరేషన్ (వేరే కార్డు మీద చేసిన రెయిడ్ అమరిక) అని అడుగుతుంది. అక్కడ క్లియర్, ఇనిషియలైజ్ నొక్కొద్దు. ఏ డిస్కు ఏ బేలో ఉందో రాసుకుని, ఇంపోర్ట్ గురించి బ్యాకప్ చేతిలో ఉన్నప్పుడే ఆలోచించండి.

వేగం తక్కువా? ఎల్‌ఎస్‌పీసీఐకి రెండు వీల ఆప్షన్ ఇచ్చి రూట్‌గా నడపండి. కార్డు సామర్థ్యం ఎక్స్8 అని, లింక్ ఎక్స్4 అని ఉంటే స్లాట్ లేన్లు గానీ కూర్చోవడం గానీ తేడా. జీపీయూ ఖాళీగా ఉన్నప్పుడు లింక్ వేగం తగ్గడం మాత్రం మామూలే, పని ఇచ్చి చూడండి.

డీమెసేజ్‌లో పీసీఐ బస్ ఎర్రర్లు, సరిదిద్దినవే అయినా, వరుసగా వస్తుంటే వదిలేయకండి. ఆ మెసేజ్‌లను ఆపే కెర్నల్ ఆప్షన్ ఉంది. అది వాడితే లాగ్ శుభ్రపడుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. మళ్లీ 3వ భాగానికి వెళ్లి కార్డు, రైజర్, లింక్ స్పీడ్ చూడండి.

## 7. అప్పటికీ తేలకపోతే మార్చి చూడటం

ఇప్పుడు రెండు పరీక్షలు మిగిలాయి. ఈ కార్డును వేరే మెషీన్‌లో పెట్టండి. బాగా పనిచేస్తుందని తెలిసిన ఇంకో కార్డును ఈ స్లాట్‌లో పెట్టండి.

- కార్డు అక్కడా రాలేదు, ఇంకోటి ఇక్కడ వచ్చింది: కార్డు పాడైంది.
- కార్డు అక్కడ వచ్చింది, ఇంకోటి ఇక్కడ రాలేదు: స్లాట్, రైజర్ లేదా ప్రాసెసర్ వైపు తప్పు.
- రెండూ వాటి వాటి పరీక్షలో వచ్చాయి: ఈ కార్డుకీ ఈ సర్వర్‌కీ పడటం లేదు. రెండిటి ఫర్మ్‌వేర్ చూడండి, అప్పటికీ రాకపోతే వేరే మోడల్ కార్డు తీసుకోండి.

పరీక్షకు పెట్టే రెండో కార్డు ఆ రోజు ఉదయం పనిచేసినదై ఉండాలి. అల్మారాలో ఏడాదిగా పడున్న కార్డుతో పరీక్షిస్తే ఫలితాన్ని నమ్మలేం.

కార్డు వెనక్కి ఇవ్వాల్సి వస్తే, ఏ స్లాట్‌లో పెట్టారు, నంబర్ల జత వచ్చిందా లేదా, వేరే మెషీన్‌లో ఏమైంది అన్నవి ఒక కాగితం మీద తేదీతో రాసి, సీరియల్ నంబర్ కనిపించే ఫొటో జతచేసి తీసుకెళ్లండి. కొత్త కార్డు తీసుకునేటప్పుడు వీలైతే కౌంటర్ దగ్గరే ఏదో ఒక మెషీన్‌లో పెట్టించి, బస్ మీద కనిపించాకే డబ్బు ఇవ్వండి.